కాక్‌పిట్‌లో పని పంపకం: హైదరాబాద్ నుంచి విశాఖ దాకా, మెట్టు మెట్టుగా

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం చిన్న విమానంలోనే, ఒంటరిగానో పక్కన ఇన్‌స్ట్రక్టర్‌తోనో గడుస్తాయి. రేడియోలో మాట్లాడేది మీరే, మ్యాపు చూసేది మీరే, స్టిక్ పట్టేది మీరే. తర్వాత ఎయిర్‌లైన్‌లో చేరి ఎయిర్‌బస్ ఏ320 కుడి సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ పక్కన రెండో పైలట్‌గా కూర్చుంటారు. అక్కడ ఏ పని నాది, ఏది కెప్టెన్‌ది, ఎప్పుడు నోరు విప్పాలి అన్నది తేలక మొదటి నెలలన్నీ టెన్షనే. గాజువాక నుంచీ గోపాలపట్నం నుంచీ ఈ వృత్తిలోకి వస్తున్న మన పిల్లల కోసం, వాళ్ల పక్కన కూర్చోబోయే కెప్టెన్ల కోసం కూడా, ఇది రాస్తున్నాను.

మీ కంపెనీ మాన్యువల్ చెప్పిందే చివరి మాట. పని ఎందుకు అలా పంచారో తెలిస్తే ఆ మాన్యువల్ బుర్రకెక్కుతుంది. ఉదాహరణకి ఒక ఫ్లైటు తీసుకుందాం. అక్టోబరు సాయంత్రం, బంగాళాఖాతంలో అల్పపీడనం, హైదరాబాద్ నుంచి విశాఖకి ఏ320. ఫస్ట్ ఆఫీసర్ విశాఖ అమ్మాయి, కెప్టెన్ ఆమె కన్నా పాతికేళ్లు పెద్ద.

మొదటి మెట్టు: అధికారాన్నీ పనినీ విడదీయండి

కాక్‌పిట్‌లో రెండు పంపకాలు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి హోదాకి సంబంధించినది. ఎడమ సీట్లో ఉన్న కెప్టెన్ పైలట్ ఇన్ కమాండ్. విమానానికీ ప్రయాణికులకీ చట్టం ముందు బాధ్యుడు ఆయనే, తుది నిర్ణయం ఆయనదే. ఫ్లైటు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఇది మారదు.

రెండోది ఆ సెక్టర్‌కి, అంటే ఒక టేకాఫ్ నుంచి దాని ల్యాండింగ్ దాకా ఉండే ప్రయాణానికి, సంబంధించినది. ఇద్దరిలో ఒకరు పైలట్ ఫ్లయింగ్, అంటే పీఎఫ్. రెండోవారు పైలట్ మానిటరింగ్, అంటే పీఎం. విమానం దారి, ఎత్తు, వేగం పీఎఫ్ చూసుకుంటారు. రేడియో, చెక్‌లిస్టులు, సిస్టమ్స్ పీఎం చేతిలో ఉంటాయి. పీఎఫ్ చేసే ప్రతి పనినీ కనిపెట్టి ఉండటం కూడా పీఎం పనే. ఈ పాత్రలు సెక్టర్ సెక్టర్‌కీ మారతాయి. ఫస్ట్ ఆఫీసర్ పీఎఫ్ అయిన రోజున ఆమె "గేర్ అప్" (చక్రాలు పైకి) అంటే లివర్ ఎత్తేది కెప్టెనే. కొత్తవాళ్లకి ఇది ఇబ్బందిగా ఉంటుంది, పెద్దాయనకి పని పురమాయిస్తున్నట్టు. అలా అనుకోకండి. ఆయన హోదా ఎక్కడికీ పోలేదు, ఆ గంటసేపు ఆయన పని వేరు, అంతే.

ఈ రెండు పంపకాలు కలిసి ఎలా పనిచేస్తాయో 2009 జనవరి 15న న్యూయార్క్‌లో కనిపించింది. ఆ రోజు అక్కడ ఒక ఏ320ని టేకాఫ్ చేసింది ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోగానే కెప్టెన్ సల్లెన్‌బర్గర్ "మై ఎయిర్‌క్రాఫ్ట్" అన్నారు, స్కైల్స్ "యువర్ ఎయిర్‌క్రాఫ్ట్" అని అప్పగించేశారు. వాదన లేదు, సందేహం లేదు. ఏ320 మీద అనుభవం కెప్టెన్‌కి ఎక్కువ. స్కైల్స్ ఆ విమానం శిక్షణ అప్పుడే ముగించి వచ్చారు కాబట్టి ఎమర్జెన్సీ చెక్‌లిస్టులు ఆయనకి తాజాగా గుర్తున్నాయి. అందుకే ఇంజిన్ తిరిగి అంటించే చెక్‌లిస్టు ఆయన అందుకున్నారు. విమానం హడ్సన్ నది మీద దిగింది, 155 మందీ బతికారు. పని ఎవరికి నప్పితే వారికి వెళ్లింది, అధికారం మాత్రం ఒక్కరి దగ్గరే ఉంది.

రెండో మెట్టు: విమానం ఎక్కకముందే పంచుకోండి

డిస్పాచ్‌లో, అంటే ఫ్లైటుకి ముందు కాగితాలు చూసుకునే చోట, బ్రెత్‌లైజర్ పరీక్ష అయ్యాక ఇద్దరూ వాతావరణం, నోటామ్‌లు (విమానాశ్రయాలు, రూట్ల గురించి పైలట్లకి వచ్చే హెచ్చరికలు), ఇంధనం లెక్క చూస్తారు. ఎవరు ఏ సెక్టర్ ఎగరాలో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మామూలుగా చెరొకటి. అయితే ఫస్ట్ ఆఫీసర్ ల్యాండింగ్ చేయాలంటే కెప్టెన్‌కి దానికి అనుమతి ఉండాలి, వాతావరణం కంపెనీ పెట్టిన హద్దుల్లో ఉండాలి. విశాఖలో జోరువాన, గాలి అటూ ఇటూ మారుతోందని రిపోర్టు వస్తే ఆ ల్యాండింగ్ కెప్టెన్ తీసుకోవడమే సబబు. అలా తీసుకుంటే అమ్మాయి చిన్నబుచ్చుకోవక్కర్లేదు. ఆ రోజు ఆమె పీఎం, ఆ పనికీ అంతే శ్రద్ధ కావాలి.

ఇంధనం దగ్గర ఒక పద్ధతి గట్టిగా చెబుతాను. కెప్టెన్ తన అంకె ముందు చెప్పకూడదు. "ఎంత వేద్దాం అంటావమ్మా?" అని అడిగి ఆగాలి. పెద్దాయన ఒక అంకె అన్నాక దానికి అడ్డు చెప్పే అలవాటు మన ఇళ్లలో మనకి రాలేదు. ముందు ఆయనే చెప్పేస్తే రెండో బుర్ర పనిచేయడం అక్కడే ఆగిపోతుంది. ముందు అడిగితే, "విశాఖలో వాన పడుతోంది సార్, దిగలేకపోతే భువనేశ్వర్‌కో వెనక్కి హైదరాబాద్‌కో వెళ్లాలి, ఇంకో ఇరవై నిమిషాల హోల్డింగ్‌కి వేద్దాం" అని ఆమె తన లెక్క చెబుతుంది. గాల్లో తిరుగుతూ ఉంటే ఏ320 గంటకి రెండు టన్నులకు పైగానే తాగుతుంది కాబట్టి ఆ ఇరవై నిమిషాలకీ ఒక అంకె ఉంటుంది. తుది అంకె మీద సంతకం కెప్టెన్‌ది.

విశాఖ సంగతులు కూడా ఇక్కడే మాట్లాడుకోవాలి. ఇది నౌకాదళం విమానక్షేత్రం, ఐఎన్ఎస్ డేగా. టవర్‌లో మాట్లాడేది నేవీ కంట్రోలర్లు, నేవీ విమానాలూ హెలికాప్టర్లూ అదే గాల్లో తిరుగుతాయి. ప్రధాన రన్‌వే 10/28, పొడవు 3,050 మీటర్ల లెక్క. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు. ఈ ఊళ్లో పుట్టిన ఫస్ట్ ఆఫీసర్‌కి కొండలన్నీ తెలుసు కదా అని చార్టు చూడకుండా వదలకూడదు. రోడ్డు మీంచి తెలిసిన కొండ వేరు, మబ్బులో, చార్టు మీద అంకెగా మాత్రమే కనిపించే కొండ వేరు.

మూడో మెట్టు: కాక్‌పిట్ సిద్ధం చేయడం

ఇది తేలిగ్గా చెప్పేయొచ్చు. చాలా ఎయిర్‌బస్ ఆపరేటర్ల దగ్గర పీఎం కిందకి దిగి విమానం చుట్టూ తిరిగి టైర్లు, ప్రోబ్‌లు, ఇంజిన్లు చూసి వస్తారు. ఈలోగా పీఎఫ్ రూటు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. వచ్చాక పీఎం ఆ రూటుని ఫ్లైట్ ప్లాన్‌తో పాయింటు పాయింటుకీ సరిచూస్తారు.

తేలిగ్గా తీసుకోకూడనిది ఒకటుంది: టేకాఫ్ పెర్‌ఫార్మెన్స్ లెక్క, అంటే విమానం బరువుని బట్టి ఎంత శక్తితో, ఏ వేగంతో లేవాలన్నది. ఇద్దరూ విడివిడిగా, ఒకరి ట్యాబ్లెట్ ఒకరు చూడకుండా వేసి, ఆ తర్వాతే పోల్చాలి. 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద ఎయిర్‌బస్ బరువు 362.9 టన్నులకి బదులు 262.9 అని నమోదైంది. ఆ వంద టన్నుల తేడా ఇద్దరి కంటా పడలేదు. విమానం తోక రన్‌వేకి రాసుకుంది, చివరి క్షణంలో ఎలాగో గాల్లోకి లేచింది. ఒకరి అంకె చూసి రెండోవారు "సరే" అంటే అది రెండో లెక్క కాదు.

తర్వాత బ్రీఫింగ్. పీఎఫ్ చెబుతారు, పీఎం వింటారు. రోజూ ఉండేదంతా పాఠం అప్పజెప్పినట్టు చెబితే వినేవారి ధ్యాస ఎటో పోతుంది. ఇవాళ ప్రత్యేకంగా ఏముంది, ఏ ప్రమాదం పొంచి ఉంది, ఏం జరిగితే ఎవరు ఏం చేస్తారు, ఈ మూడూ చాలు. చివర్లో "నేనేం మర్చిపోయాను?" అని అడగండి. "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అంటే "లేవు సార్" అన్న జవాబే వస్తుంది.

నాలుగో మెట్టు: టేకాఫ్

ఈ సెక్టర్ టేకాఫ్ ఫస్ట్ ఆఫీసర్‌దే అనుకుందాం. ఆమె థ్రస్ట్ (ఇంజిన్ల శక్తి) సెట్ చేశాక లివర్ల మీద కెప్టెన్ చెయ్యి వేస్తారు, వీ-వన్ వేగం (టేకాఫ్ ఆపడానికి ఆఖరి హద్దు) దాకా తీయరు. టేకాఫ్ ఆపాలా వద్దా అన్న నిర్ణయం చాలా కంపెనీల్లో కెప్టెన్‌ది మాత్రమే. ఆలోచించడానికి ఒకటి రెండు సెకన్లే ఉన్న చోట నిర్ణయం ఒకరిదీ చెయ్యి ఇంకొకరిదీ అయితే కుదరదు. ఆయన "స్టాప్" అంటే ఆగడమే, "గో" అంటే ఎగరడమే. వీ-వన్ దాటాక చెయ్యి తీసేస్తారు, ఇక ఆపే ప్రసక్తి లేదు.

100 నాట్ల దగ్గర పీఎం వేగం పలుకుతారు, పీఎఫ్ "చెక్డ్" అంటారు. ఇద్దరి స్పీడ్ ఇండికేటర్లూ ఒకటే చూపిస్తున్నాయని దీంతో తేలుతుంది. పీఎఫ్ స్పృహలో ఉన్నారని కూడా తేలుతుంది. జవాబు రాకపోతే పీఎం మళ్లీ పిలవాలి, రెండోసారీ రాకపోతే కంట్రోల్ తీసుకోవాలి. కాల్‌అవుట్లు, అంటే ఇలా పైకి పలికే మాటలు, లాంఛనం అనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

చక్రాలు నేల వదిలాక పీఎం ఎక్కడం ఖాయమని చూసుకుని "పాజిటివ్ క్లైంబ్" అంటారు, పీఎఫ్ "గేర్ అప్" అంటారు. ఆ సమయంలో ఇంజిన్ పోయినా 400 అడుగుల దాకా గేర్ ఎత్తడం, అలారం మోత ఆపడం తప్ప ఇంకే స్విచ్చూ ముట్టరు. ముందు విమానం నిలకడగా ఎగరాలి.

ఐదో మెట్టు: పైన ఉన్నప్పుడు

ఆటోపైలట్ ఆన్‌లో ఉంటే ఎత్తు, దిశ మార్చే నాబ్‌లు పీఎఫ్ తిప్పుతారు. ఆటోపైలట్ తీసి చేత్తో ఎగురుతుంటే పీఎఫ్ చెబుతారు, పీఎం తిప్పుతారు. స్టిక్ పట్టుకున్న మనిషి చెయ్యీ కన్నూ పక్కకి పోకూడదనే ఈ ఏర్పాటు. ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) కొత్త ఎత్తు ఇస్తే పీఎం రీడ్‌బ్యాక్ చేస్తారు, అంటే తిరిగి చదివి వినిపిస్తారు, పీఎఫ్ అంకె పెడతారు, ఇద్దరూ దాన్ని చూసి పైకి చదువుతారు. ఇద్దరూ విన్నది ఒకటి కాకపోతే ఊహించుకోవద్దు, మళ్లీ అడగండి.

కంట్రోల్ చేతులు మారేటప్పుడు "యూ హ్యావ్ కంట్రోల్", "ఐ హ్యావ్ కంట్రోల్" అన్న రెండు మాటలూ తప్పకుండా వినిపించాలి. ఏ320లో ఎవరి సైడ్‌స్టిక్ వారికే ఉంటుంది, ఒకరు కదిపితే రెండోది కదలదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే కంప్యూటర్ ఆ రెండింటినీ కూడేస్తుంది. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో, చివరి నిమిషాల్లో ఇద్దరూ స్టిక్‌లు కదిపిన ఘట్టాలున్నాయి. 228 మంది పోయారు. అవసరమైతే స్టిక్ మీద ఉన్న టేకోవర్ బటన్ నొక్కి, "ఐ హ్యావ్ కంట్రోల్" అని గట్టిగా అనాలి. నోటితో అనకుండా స్టిక్ ముట్టుకోకూడదు.

ఎవరో ఒకరు ఎప్పుడూ విమానాన్నే చూస్తూ ఉండాలన్న నియమానికి పెద్ద మూల్యమే చెల్లించారు. 1972 డిసెంబర్ 29న మయామీ దగ్గర కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా ముక్కు గేర్ సూచించే చిన్న బల్బు వెలగడం లేదని దాని మీదే పడ్డారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తు పట్టుకోవడం మానేసి విమానం నెమ్మదిగా దిగుతోందని చివరి క్షణాల దాకా ఎవరూ గమనించలేదు, విమానం కూలిపోయింది. అందుకే చిన్న సమస్య వచ్చినా "నువ్వు ఎగురు, నేను చూస్తాను" అని పైకి అనాలి.

10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని మాట వద్దు. పైన ఇద్దరూ తెలుగువాళ్లయితే ఊరి కబుర్లు చెప్పుకోవచ్చు, అది మంచిది కూడా. మాట కలిసిన మనుషుల మధ్య తర్వాత అడ్డు చెప్పడం తేలిక. కాల్‌అవుట్లు మాత్రం మాన్యువల్‌లో ఉన్న ఇంగ్లీషు మాటల్లోనే, అక్షరం మార్చకుండా. రేపు పక్కన పంజాబీ కెప్టెన్ ఉండొచ్చు. ఒత్తిడిలో నోటికి వచ్చేది అలవాటైన మాటే.

ఆరో మెట్టు: విశాఖలో దిగడం

హైదరాబాద్-విశాఖ రూటులో క్రూయిజ్, అంటే పైన ఒకే ఎత్తులో సాగే భాగం, చిన్నది. కిందకి దిగడం మొదలయ్యేలోపే వాతావరణం తీసుకోవాలి, బ్రీఫింగ్ ముగించాలి. పీఎఫ్ బ్రీఫింగ్‌కి సిద్ధమయ్యేటప్పుడు కంట్రోల్ కాసేపు పీఎంకి అప్పగించాలి.

ఈ సాయంత్రం వాన, అందుకని ల్యాండింగ్ కెప్టెన్ తీసుకున్నారు. ఫస్ట్ ఆఫీసర్ ఇప్పుడు పీఎం. రన్‌వే 28 ఇచ్చారు, అంటే సముద్రం వైపు నుంచి రావాలి. నా మటుకు నాకు ఈ గైడ్ మొత్తంలో కష్టమైన పని ఇప్పుడు ఆమె చేయబోయేదే. పీఎఫ్ చేతికి పని ఉంటుంది, ధ్యాస దానంతట అదే నిలుస్తుంది. పీఎం చేతులు ఖాళీగా ఉన్నా కన్ను చెదరకూడదు.

ఏం చూడాలో ముందే తెలిసి ఉండాలి. 1,000 అడుగుల దగ్గర గేర్ దిగి ఉండాలి, ల్యాండింగ్ ఫ్లాప్స్ ఉండాలి, వేగం కంపెనీ హద్దుల్లో ఉండాలి, దిగే రేటు నిమిషానికి 1,000 అడుగులు మించకూడదు, థ్రస్ట్ దానికి తగ్గట్టు ఉండాలి, ల్యాండింగ్ చెక్‌లిస్ట్ ముగిసి ఉండాలి. ఇవన్నీ ఉంటే అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) స్టెబిలైజ్డ్, అంటే నిలకడగా ఉన్నట్టు. ఒక్కటి లేకపోయినా గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి ఎక్కడం. బయట అంతా కనిపిస్తుంటే కొన్ని కంపెనీలు ఈ హద్దుని 500 అడుగుల దాకా దించుతాయి. మబ్బులో, వానలో 1,000 అడుగులే. పీఎఫ్ కళ్లు రన్‌వే దీపాల కోసం బయటికి వెళ్లిన క్షణం నుంచి పీఎం కళ్లు లోపల, పరికరాల మీదే ఉండాలి. రన్‌వే కనిపిస్తుందేమోనని ఇద్దరూ బయటికి చూస్తే వేగాన్ని కనిపెట్టే మనిషి ఉండరు.

ఇప్పుడు అసలు సంగతి. 2010 మే 22న మంగళూరులో దిగబోతున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం అప్రోచ్ స్టెబిలైజ్డ్‌గా లేదు. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నారు, కెప్టెన్ దిగడం ఆపలేదు. విమానం టేబుల్‌టాప్ రన్‌వే (కొండ మీద చదును చేసి కట్టినది) దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. పదేళ్లకి, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో, వానలో, విమానం రన్‌వే సగం దూరం పోయాక నేలను తాకింది. అక్కడా పక్క సీటు నుంచి గో అరౌండ్ మాట వచ్చింది. 21 మంది చనిపోయారు. రెండు చోట్లా పని పంపకం కాగితం మీద సరిగ్గానే ఉంది, పీఎం గమనించారు, నోరు విప్పారు కూడా. ఆ మాటకి బలం లేకపోయింది. ఈ రెండు నివేదికలు చదివినప్పుడల్లా నాకు మనసు కలత పడుతుంది, ఎందుకంటే ఆ కుడి సీట్లో కూర్చునేది మన పిల్లలే.

అందుకని ఫస్ట్ ఆఫీసర్లు ఈ వరస కంఠస్థం చేయండి. మొదట కనిపించింది చెప్పండి: "స్పీడ్, ప్లస్ ట్వెంటీ" (ఉండాల్సిన దానికన్నా 20 నాట్లు ఎక్కువ). పీఎఫ్ నుంచి "కరెక్టింగ్" అని జవాబూ, అంకెలో మార్పూ రెండూ రావాలి. రాకపోతే పిలిచి చెప్పండి: "కెప్టెన్, అన్‌స్టెబిలైజ్డ్." అప్పటికీ మారకపోతే "గో అరౌండ్", ఆజ్ఞలాగే, గొంతు తగ్గించకుండా. రెండుసార్లు పిలిచినా స్పందన లేకపోతే ఆయనకి ఏదో అయిందనే లెక్క: "ఐ హ్యావ్ కంట్రోల్" అని తీసుకుని పైకి ఎక్కించండి.

ఈ మెట్లన్నీ ఎక్కడానికి సమయం ఎక్కడిది అంటారేమో. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుతుంటే 1,000 అడుగుల నుంచి నేలకి ఒకటిన్నర నిమిషం కూడా పట్టదు. అందుకే 1,000 అడుగుల కింద మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా "గో అరౌండ్" అనండి. "సార్, వేగం కొంచెం ఎక్కువున్నట్టుంది కదండీ" అన్న మర్యాద మాటకి అక్కడ చోటు లేదు. మర్యాద కింద, టెర్మినల్లో చూపించుకోవచ్చు.

కెప్టెన్లకి చెప్పేది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఈ తలుపు తెరిచేది మీరే. డిస్పాచ్‌లో కలిసినప్పుడే అనండి: "చూడమ్మా, 1,000 అడుగుల దగ్గర నేను స్టెబిలైజ్డ్‌గా లేకపోతే నువ్వు గో అరౌండ్ అను. నేను వెళ్లిపోతాను, అడగను. ఎందుకన్నావో కింద మాట్లాడుకుందాం." అనడంతో సరిపోదు. ఆమె ఒకసారి అన్నాక, అది అక్కర్లేని గో అరౌండ్ అని తర్వాత తేలినా, "మంచి పని చేశావు" అనాలి. ఒక్కసారి విసుక్కుంటే ఆ అమ్మాయి మీ దగ్గరే కాదు, ఇంకో పదిమంది కెప్టెన్ల దగ్గర కూడా నోరు విప్పదు.

ఏడో మెట్టు: ఏదైనా చెడిపోతే

వరస ఒకటే: ఎగరడం, దారి చూసుకోవడం, ఆ తర్వాతే మాట్లాడటం. పీఎఫ్ విమానం, చాలా కంపెనీల్లో రేడియో కూడా తీసుకుంటారు. పీఎం చెక్‌లిస్టు చదివి చేస్తారు. వెనక్కి తీసుకోలేని పనులు, అంటే ఇంజిన్ ఆపడం, ఫైర్ బటన్ నొక్కడం లాంటివి, ఒక్కరి చేత్తో జరగకూడదు. పీఎం వేలు పెట్టి "ఇంజిన్ మాస్టర్ వన్, కన్ఫర్మ్?" అని ఆగాలి, పీఎఫ్ చూసి "కన్ఫర్మ్" అన్నాకే కదపాలి. తప్పు ఇంజిన్ ఆపేయకుండా కాపాడేది ఆ ఒక్క విరామమే.

పెద్ద సమస్య వస్తే కెప్టెన్ ఫ్లయింగ్ తనే లాక్కోవాలని లేదు. చాలాసార్లు ఫస్ట్ ఆఫీసర్‌ని ఎగరమని, తను ఇంధనం, వాతావరణం, ఎక్కడికి వెళ్లాలి అన్నది చూసుకోవడం మేలు. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 గేర్ సమస్య చూసుకుంటూ గాల్లో తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి పడిపోయింది, 10 మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లో ఉన్న మిగతా ఇద్దరికీ, అంటే ఫస్ట్ ఆఫీసర్‌కీ ఫ్లైట్ ఇంజనీర్‌కీ తెలుసు, కానీ కెప్టెన్‌ని కదిలించేంత గట్టిగా చెప్పలేదు. ఆ ఎయిర్‌లైన్ 1981లో మొదలుపెట్టిన శిక్షణ నుంచే ఇవాళ మీరు చేసే సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, అంటే సిబ్బంది కలిసి పనిచేయడం నేర్పే) క్లాసులు పెరిగాయి. ఎవరు ఏ పనిలో మునిగి ఉన్నా, ఇంధనాన్ని నిమిషాల్లోకి మార్చి పైకి చదవడం ఒకరికి అప్పగించండి. "టన్నున్నర ఉంది" అనేదానికన్నా "నలభై నిమిషాలు ఉంది, ఇరవైకి ఇక్కణ్నుంచి బయల్దేరాలి" అంటే ఎవరైనా వింటారు.

ఎనిమిదో మెట్టు: దిగాక, ఇంటి దగ్గర

పార్కింగ్ బ్రేక్ వేశాక చెక్‌లిస్టు ముగించి రెండు నిమిషాలు మాట్లాడుకోండి. ముందు ఫస్ట్ ఆఫీసర్ మాట్లాడాలి. ఏం జరిగింది, ఎవరి కాల్ ఆలస్యమైంది, తర్వాతి సెక్టర్‌లో ఏం మారుద్దాం, అంతవరకే. తిరుగు ప్రయాణంలో పాత్రలు మారితే "నువ్వు పీఎఫ్" అని నోటితో అనుకుని, బ్రీఫింగ్ మళ్లీ మొదటి నుంచి చేయండి. ఎవరైనా మాటిమాటికీ హద్దులు దాటుతుంటే కంపెనీలో స్వచ్ఛంద సేఫ్టీ రిపోర్టు రాసే దారి ఉంది, వాడుకోండి.

ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ఇంట్లోనే సాధన చేయొచ్చు. కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించి, ముందు రెండు కుర్చీలు వేసి, బ్యాచ్‌మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. హైదరాబాద్ టేకాఫ్ నుంచి విశాఖ రన్‌వే 28 దాకా కాల్‌అవుట్లన్నీ గొంతెత్తి పలకండి. తర్వాత సీట్లు మారి మళ్లీ చేయండి. 1,000 అడుగుల దగ్గర ఒకరు కావాలనే వేగం ఎక్కువ చెప్పాలి, రెండోవారు ఒక్క సెకను ఆగకుండా "గో అరౌండ్" అనాలి. పక్కింటివాళ్లు వింటారని గొంతు తగ్గించకండి.